లిఫ్టు చిల్లర

మా గ్ల్దానీలో లిఫ్టుకు కూడా ఆకలి.
ఇరవై తెత్రీల బిళ్ళ నోట్లో వేస్తే గానీ కదలదు.
ఆదివారం ఆదివారం ఆ డబ్బా తాళం తీసి
చిల్లర లెక్కపెట్టే పని నాది.
నా పేరు త్సియాలా. ఉండేది రెండో అంతస్తు.
మోకాళ్ళు మాట విన్నన్నాళ్ళూ
నేనా లిఫ్టు ఎక్కిందే లేదు.

పోయిన చలికాలం డబ్బా బరువెక్కింది.
కొత్తగా ఎవరూ కాపురానికి రాలేదు,
పెళ్ళిళ్ళు లేవు, చావులు లేవు,
ఇన్ని బిళ్ళలు ఎక్కడివని నాకు తట్టలేదు.
తగ్గితే అడుగుతాం గానీ, పెరిగితే ఎవరడుగుతారు?
తీగలకి గ్రీజు కొన్నాం.
గుమ్మంలో మాడిపోయిన బల్బు మార్చాం.

ఆ బిళ్ళలు వామెఖ్‌వి.
పద్నాలుగో అంతస్తు, ఇరవై మూడేళ్ళు.
తల్లి ఇటలీలో ఎవరి ముసలమ్మకో నీళ్ళు పోస్తుంది,
నెల తిరగ్గానే డబ్బు పంపుతుంది.
వాడు అర్ధరాత్రి దిగేవాడట, ఎక్కేవాడట,
మళ్ళీ దిగేవాడట.
ఎక్కడికీ కాదు.
ఎవరైనా ఎక్కుతారని,
ఎక్కినవాళ్ళు "ఎన్నో అంతస్తు?" అంటారని.
ఆ రెండు మాటలకి ఇరవై తెత్రీలు.

ఇదంతా తర్వాత పోలీసు కుర్రాడు చెప్పాడు,
కాగితం చూసి చదువుతూ,
మధ్యమధ్య రాయని పెన్ను విదిలిస్తూ.

మార్చి నెల. బజారు తోనె పొయ్యిలోంచి
రొట్టెలు దిగే వేళ.
తొమ్మిదో అంతస్తు ఓతియా ఎక్కాడు.
చంకలో వేడి రొట్టె, చెవి దగ్గర ఫోను,
ఫోనులో ఎవరో నవ్వించే మనిషి.
"ఎన్నో అంతస్తు?" అన్నాడట వామెఖ్.
రెండుసార్లు అన్నాడట.
ఓతియా చెయ్యి చాపి తన అంకె తనే నొక్కుకున్నాడు.
అందులో తప్పేముంది?
నేనైనా అంతే చేసేదాన్ని.

నాలుగో అంతస్తుకీ అయిదోదానికీ మధ్య
కోటు జేబులోంచి కత్తి బయటికొచ్చింది.

జేబులోకి ఎప్పుడు వెళ్ళింది?
నవంబరులోనట.
నవంబరు నుంచీ దాన్ని మోసుకుంటూ
వాడు మా అందరి పక్కన నిలబడ్డాడు,
మా సంచులకి దారిచ్చాడు,
తలుపు మూసుకోబోతే కాలు అడ్డం పెట్టి ఆపాడు.

ఓతియా బతికాడు.
కుడిచేతి రెండు వేళ్ళు మడత పడవు.
రొట్టె విరవాలంటే ఇప్పుడు ఎడమ చెయ్యే.

టీవీ వాళ్ళొచ్చి, ఒంటరితనం, అన్నారు.
నాకు ఒళ్ళు మండింది.
మా బ్లాకులో ఒంటరివాళ్ళని లెక్కపెట్టు,
నీ వేళ్ళు చాలవు.
ఆరో అంతస్తు మాక్వాలా
పిల్లితో వంతులేసుకుని పులుసు తాగుతుంది.
పదకొండులో ఈ మధ్యే చదువైపోయిన పిల్ల
తలుపు గొలుసు తీయకుండానే, ఆ సందులోంచే,
పార్సిళ్ళు లాక్కుంటుంది.
వాళ్ళెవరూ ఎవర్నీ పొడవలేదు.
కత్తి వాడు కొన్నది. చెయ్యి వాడిది.
దాన్ని నేను ఇంకొకరి జేబులో వెయ్యను.

కానీ అయిదు నెలలు.
వామెఖ్ గొంతు ఎలా ఉంటుందని పోలీసు అడిగితే
పదహారు అంతస్తుల్లో ఒక్కరికీ తెలియలేదు.
ఆ తెలియకపోవడంలో నా వంతెంతో
ఆదివారం బల్ల మీద పరిచి
పదులు పదులుగా పేరుస్తాను.
ప్రతిసారీ లెక్క ఎక్కడో జారుతుంది,
మళ్ళీ మొదట్నుంచి.

నిన్న, నాకు పైకి పనేం లేదు,
అయినా బిళ్ళ వేసి ఎక్కాను.
వెనకాలే పదకొండో అంతస్తు పిల్ల వచ్చింది.
గొంతు సవరించుకుని అడిగాను:
"ఎన్నో అంతస్తమ్మా?"
తను చెవిలోంచి తీగ పీకేసింది.
ముందు నా చేతులు చూసింది,
ఆ తర్వాత నా జేబులు.
మూలకి జరిగింది.
నాలుగులో దిగిపోయి
మిగతా ఏడంతస్తులూ మెట్ల మీద పరుగెత్తింది.
చెప్పుల చప్పుడు చాలాసేపు వినిపించింది.

లిఫ్టు తలుపు తెరుచుకునే ఉంది.
ఏ అంకె నొక్కాలో నాకు తోచలేదు.