అరవయ్యో కార్డు

తొమ్మిది వందలు. అంతకి మించకూడదనుకున్నాను.
అందులో నూట ఇరవై తొడుగులకే పోయాయి.
తొడుగుల్లేకుండా ఈ ఊళ్ళో కార్డు బతకదు,
సముద్రపు గాలికి మెరుపు కార్డులు
అప్పడాల్లా లేస్తాయి.
ఆడని రోజుల్లో బియ్యం డబ్బాలో పడుకోబెడతాను.

గిద్దెతో కొలవబోయి అమ్మ పైకి తీసింది మొదటిసారి,
"ఏట్రా ఇది, పేకాటేటి?"
పేకాట కాదే. ఇందులో రాజూ రాణీ లేరు.
"మరి డబ్బులేటి?"
డబ్బులు పోతాయంతే, రావు.
"అయితే పేకాటే."

అరవై కార్డులు.
ఊటలు ఇరవై నాలుగు పెడితే
చేతినిండా నీళ్ళే, దింపడానికి ప్రాణి ఉండదు.
ఇరవై పెడితే మే నెల ముడసర్లోవ.
ఇరవై రెండు పెట్టు, అంటాడు జమీల్,
ఇరవై రెండూ, కాస్త దేవుడూ.

జమీల్ పెట్టె చూడాలి.
అందులో ఒక్కో కార్డు నా రెండు నెలల బస్ పాసు.
మనిషి మంచోడు, ఓడించిన ప్రతిసారీ టీ తాగిస్తాడు.
ఆ టీ మీదే నాకు కోపం.

నాకున్నవి ఎనిమిదేసి రూపాయల పీతలు.
పీత చస్తే, చచ్చినవాటిలోంచి
ఒకదాన్ని లాక్కొస్తుంది.
అంతే దాని గొప్ప.
నాలుగు పీతలు, నాలుగు వలలు,
పక్కకి మాత్రమే నడిచే ఒక యుద్ధం.

పోయిన నెల ఒక పాకెట్లో వచ్చింది
మూడు తలల సొరచేప, అంచంతా బంగారు పొడి.
డైమండ్ పార్క్ గోడ దగ్గర చించానా పాకెట్టు,
చుట్టూ ఎవరైనా చూశారేమో అని
చొక్కాలో దాచుకున్నాను.
దాన్ని దింపాలంటే ఏడు ఊటలు కావాలి.
ఏడో ఊట వచ్చేసరికి
నేనెప్పుడూ బతికి లేను.
పదకొండు ఆటలు.
పదకొండుసార్లూ నా చేతిలోనే
పట్టుచీర నలుగుతుందని
పనికి లేవని చుట్టంలా కూర్చుంది.

ఆటోనగర్లో రాత్రి షిఫ్టు. లేత్ మీద ఇత్తడి బుష్.
ఫోర్మన్ నూకరాజు గారు వేలితో తడిమి చూసి
"ఇంకొక్క నూలు తియ్.
రెండు తీసీసినావంటే తుక్కే" అన్నారు.
ఆయనకి కార్డుల సంగతి తెలీదు.
నేను మాత్రం తెల్లారేదాకా
జాబ్ కార్డు వెనక కొట్టివేతలు రాశాను:
సొరచేప, పెట్టు. సొరచేప, తియ్.
సొరచేప, పెట్టు.

ఆదివారం అమ్మేశాను. పదకొండు వందలు.
కొన్నది జమీలే.
ఆ డబ్బుతో తేలుచేప నాలుగు, ఉప్పుగాలి మూడు,
రెండు ఊటల్ని ఒకేసారి తెచ్చే వాన ఒకటి,
మిగిలింది ఇంట్లో గ్యాసుకి.

జిరాక్సు షాపు మేడ మీద,
ఫ్యాను గాలికి కార్డులు ఎగరకుండా
నాణేలు బరువు పెట్టి ఆడాం.
ఇదివరకు నాలుగో వంతుకే లేచిపోయేవాణ్ణి.
ఈసారి అయిదు దాటింది. ఆరు దాటింది.
పీత చచ్చింది, పీతని తెచ్చింది,
తేలుచేప వాడి బంగారాన్ని కుట్టింది.
ఏడో వంతులో జమీల్ కాసేపు నావైపు చూసి,
సారీ బ్రో, అని
ఏడు ఊటలూ పక్కకి తిప్పి
దాన్ని బల్ల మీద పెట్టాడు.

మూడు తలలు.
ట్యూబ్‌లైటు కింద ఆ అంచు.
అది దిగగా చూడటం నాకదే మొదటిసారి.
నా పీతల్నన్నిటినీ మింగి
నన్నూ మింగింది, ఎనిమిదో వంతులో.
బావుందిరా, అన్నాను, నిజంగానే.
టీకి ఈసారి నేనే డబ్బులిచ్చాను.

ముప్పై ఎనిమిదో నంబరు బస్సులో, నిలబడే,
కడ్డీకి మోచెయ్యి మెలేసి
కార్డులు ఒక్కొక్కటే తిప్పుతున్నాను.
ఉప్పుగాలి చల్లగా ఉంది కానీ ఆలస్యం.
వాన ఇంకొకటుంటే?
పక్క సీటు ముసలాయన తొంగిచూసి
"జాతకాలు చెప్తావా బాబూ" అన్నాడు.
లేదన్నాను.

ఎన్ఏడీ దాటాక
నాలుగో పీతని తీసి జేబులో వేశాను.
ఇప్పుడు యాభై తొమ్మిది.