పద్దెనిమిది డిగ్రీలు

గుంటూరులో చలి అంటే
పద్దెనిమిది డిగ్రీలు.
మా కొరిటెపాడు సందులో దానికే
మంకీ క్యాపులు, మఫ్లర్లు,
పాలపాకెట్ల కుర్రాడి చెవుల్లో దూది.
కోల్డ్ స్టోరేజీ బస్తాల్లో
నిద్రపోయే మిరపకాయకున్నంత చలి
ఈ ఊళ్లో మనుషులకు లేదు.

అయినా నైట్ డ్యూటీ దిగి
ఆరున్నరకు ఇల్లు చేరితే
వార్డు వాసన వదలడానికి
నాకు వేడినీళ్లు కావాలి.
అంతకు ముందు కాఫీ లేదు, ప్రార్థన లేదు.
ఆ రాత్రి మరీను.
పదకొండో నంబరు మంచం మీద దుప్పటి
నేనే మార్చాను.
మడత నలగకుండా మార్చాను.

వంటింటి కిటికీ పక్కన
టాంకు లేని గీజరు.
కుళాయి తిప్పితే మంట, కట్టేస్తే చీకటి.
రేపటికని ఒక్క చెంబుడైనా
దాచుకోవడం తెలియని యంత్రం.
ఆ పొద్దున
టిక్ టిక్ టిక్ అని
పళ్లు కొరికింది గానీ వెలగలేదు.
ఏడోసారికి ఆ టిక్కు కూడా మానేసింది.

పది దాటాక వచ్చాడు సైదులు.
మోపెడ్డు, హ్యాండిలుకి పెయింటు డబ్బా,
డబ్బా నిండా రెంచీలు.
మూత విప్పి, లోపలికి టార్చి వేసి
"గడ్డకట్టిందమ్మా" అన్నాడు.
నవ్వొచ్చింది. గుంటూరులోనా?
"మంచు కాదులే. మీ బోరు నీళ్లు.
ఉప్పంతా రాయైపోయింది."
జల్లెడ తీసి నా అరచేతిలో పెట్టాడు.
గోరంత. తెల్లగా, గరుగ్గా,
ఊడిన పాలపన్నులా.
"కాస్త చింతపండు ఉంటే ఇవ్వండి."
నిన్నటి చారులోని పిప్పి ఇచ్చాను.

అది నానేలోపు చెప్పుకొచ్చాడు,
ద్రాస్‌లో పదకొండేళ్లు
మిలిటరీ క్వార్టర్లకు పైపులేసిన సంగతి.
"అక్కడ అసలు సిసలు మంచు.
రాత్రి కుళాయి బిగించి పడుకున్నోడు
పొద్దున్నే నెత్తి కొట్టుకోవాల.
సన్నగా, దారంలా కారనివ్వాల.
కదిలే నీళ్లను చలి అంత తేలిగ్గా పట్టుకోలేదు.
పట్టుకుందా, మంట పెట్టకూడదు.
ముందు గ్యాసు కట్టెయ్యాల, కుళాయి విప్పి ఉంచాల,
వేడినీళ్లలో ముంచిన గుడ్డ
కుళాయి వైపు నుంచి చుట్టుకుంటూ రావాల,
బాలింతకు నడికట్టు కట్టినట్టు, ఓపిగ్గా.
కొత్తగా వచ్చిన కుర్రాడొకడు
తొందరపడి బ్లోల్యాంపు పెట్టాడమ్మా..."
అంటూనే ఎడమ చొక్కా చేతిని
మణికట్టు దాకా లాక్కున్నాడు.
నేను నర్సుని.
ఆ మచ్చ ఎన్నేళ్లదో చెప్పగలను.
అడగలేదు.

పాత టూత్‌బ్రష్షుతో జల్లెడ రుద్దుతూ
ఇంకో మాట అన్నాడు,
వాషరు ధర చెప్పినంత మామూలుగా:
"గడ్డకట్టి ఉన్నంతసేపూ
గొట్టం పగిలిన సంగతి తెలవదమ్మా.
ఆ మంచే చీలికను మూసి పెడుద్ది.
కరిగాకే కారేది."

మూడొందల యాభై. చిల్లర లేదన్నాడు,
నాలుగొందలు ఉంచుకోమన్నాను.
ఒప్పుకోక, ఎదురింటి కొట్టుకెళ్లి మార్చుకొచ్చాడు.

నీలం మంట, భగ్గున.
బాత్రూములో ఆవిరి.
రాత్రి సూది గుచ్చినప్పుడు వణకని చేతులు,
ఆ అమ్మ భుజం పట్టుకున్నప్పుడు వణకని చేతులు
మగ్గు పట్టుకోలేకపోయాయి.
సబ్బు జారి ఎటో పోయింది.
వెతకలేదు.
నీళ్లు కారుతున్నంతసేపూ
ఏవి నీళ్లో ఏవి కావో
ఎవరు చూస్తారు?

సాయంత్రం మళ్లీ డ్యూటీ.
గ్యాసు కట్టేశాను, తాళం తీసుకున్నాను,
గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చి
కుళాయిని ఒక్క చుట్టు వదులు చేశాను.
దారంలా.

కింద పోర్షన్ సుగుణరత్నం గారు
మర్నాడు మెట్ల దగ్గరే పట్టుకున్నారు:
"ఏమ్మా జ్ఞానసుందరీ,
రాత్రంతా మీ కుళాయి కారుతూనే ఉంది,
నీళ్లంటే లెక్కలేదా?"
చలండీ, అన్నాను.