రెండో సగం

ఇవాళ్టితో పాలూ వెన్నా ఆఖరు.
పొద్దుట్నించీ అట్లు పోసి పోసి
నా చేతులింకా వెన్న వాసన.
సాయంత్రం ప్రార్థన మధ్యలోనే
ఫాదర్ బల్ల మీది బంగారు గుడ్డలు తీసి
నల్లవి పరిచాడు.

కోడియాక్ పక్కన చిన్న దీవి మాది,
అరవై గడపలు కూడా లేవు.
నీలం గుమ్మటం, చమురు పొయ్యి,
గుమ్మంలో రబ్బరు బూట్లు,
వాటి కింద కరిగిన మంచు.
ఏటా ఈ ఒక్క రాత్రి
ఊరు ఊరంతా ఒకరి ముందు ఒకరు వంగుతుంది.
వరస గోడ వెంట వెళ్ళి, మెలి తిరిగి,
తన మీదికే తాను వస్తుంది
ప్రతి మనిషికీ ప్రతి మనిషీ ఎదురయ్యేదాకా.

"పాపిని, నన్ను క్షమించు."
"దేవుడు క్షమిస్తాడు. నేనూ క్షమిస్తున్నాను."
వంగడం, లేవడం, మూడు ముద్దులు, పక్క మనిషి.

సులువే.
ముసలి మత్రోనాకి చెవులు వినబడవు.
ఆడబడుచుకీ నాకూ మధ్య ఉన్నదల్లా
ఎండు సాల్మన్ పంపకంలో ఒక పాత లెక్క.
ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

తెలిసి చేసినవీ తెలియక చేసినవీ అని
ఫాదర్ చదివే ఒప్పుకోలులో
'తెలియక' అన్న మాట వెనక
నాలుగేళ్ళుగా దాక్కుంటున్నాను.
ఇవాళ ఆ మాట వెడల్పు చాల్లేదు.

నికీఫర్ ఇంకా ఆరుగురి అవతల.

ఇక్కడ ప్రతి వంటింట్లోనూ రేడియో ఉంటుంది.
ఎవరి పడవ ఎక్కడుందో, ఎవరింట్లో కాన్పో
అన్నీ అందులోనే.
నికీఫర్ మాత్రం తాగి పాడేవాడు
రాత్రి పదకొండింటికి, అందరి వంటిళ్ళలోనూ ఒకేసారి.
ఆ నవంబరు రాత్రి
"ఎవరైనా ఉన్నారా" అన్నాడు.
అది పాట కాదు.
పాట కాదని నాకు తెలిసింది.
చేతుల నిండా పిండి,
ఆదివారం బల్ల మీదికెళ్ళే రొట్టె పిండి.
ముంజేత్తో మర తిప్పాను.
గొంతు ఆగలేదు, తగ్గింది.
చీమంతై, ఎవరైనా, ఎవరైనా, అంటూనే ఉంది
పిండి పొంగేదాకా.

తెల్లారాక దొరికాడు,
ఇంజను చచ్చిన పడవ పక్కన రాయి మీద, బతికే.
రెండు వేళ్ళు మంచు తినేసింది.
సిలువ గీసుకోడానికి కావలసిన మూడూ మిగిలాయిలే
అని అందరికీ చెప్పి నవ్వేవాడు.
మళ్ళీ పాడలేదు.

ఇప్పుడు నా ముందు వంగాడు.
ఆ మూడు వేళ్ళూ చెక్క నేల మీద ఆనాయి.
నేనూ వంగాను.
పాపిని, అన్నాను.
తర్వాతి మాట బదులు
"రేడియో" అని వచ్చింది.

వరస ఆగింది.
వెనక ఎవరో దగ్గారు.
నికీఫర్ లేచి
నా భుజం మీంచి కిటికీ వైపు చూశాడు.
"మీ వంటింటి దీపం రాయి మీదికి కనబడేది.
అది ఆరితే పడుకుందామనుకున్నా.
నువ్వు ఆర్పలేదు."

ఆర్పలేదు, నిజమే.
నిద్ర పట్టక ఆర్పలేదు. అది దయ కాదు,
చెబుదామనుకున్నాను.
"దేవుడు క్షమిస్తాడు," అన్నాడు.
ఆగాడు.
మూడు ముద్దులు పెట్టాడు, గడ్డం చల్లగా ఉంది.
పక్కకి జరిగాడు.
రెండో సగం అనలేదు.

తర్వాత వర్వారా, ఆరేళ్ళది,
ముందు పళ్ళు రెండూ లేవు.
"పాపిని, నన్ను క్షమించు,
మీ పిల్లి తోక లాగాను, రెండుసార్లు."
నేను మోకాళ్ళ మీదికి దిగిపోయాను.
లేవడానికి పిల్లే చెయ్యందించింది.

ఇంటికొచ్చి మర తిప్పాను, చివరిదాకా.
పదకొండు దాటింది.
గాలి హోరు తప్ప ఏమీ లేదు.
ఉపవాసం నలభై రోజులు,
ఇది మొదటి రాత్రి.
దీపం ఆర్పలేదు.