ఊఁ కొట్టేవాళ్ళు

హాప్సలులో నవంబరంటే
ఎనిమిదింటికి కూడా తెల్లారదు.
పొయ్యిలో నిన్నటి బూడిద ఎత్తి
రెండు బిర్చి మొద్దులు పేర్చి
ముందు కుక్కకి, తర్వాత పిల్లికి,
వంటింట్లో చలికాలం అద్దెకున్న కోడికి,
మిగిలితే నాకు.

కుక్క పేరు సమ్మల్. మా మాటల్లో నాచు.
పిల్లి ముల్లంగి. ఆ పేరు నాది కాదు,
కింది వాటాలో ఉండే ఆరేళ్ళ ఊకు పెట్టాడు,
ఎందుకని అడిగితే
"దాని మొహం చూడు" అన్నాడు.
చూశాను. నిజమే.

రాసింది పైకి చదువుతాను రోజూ.
సమ్మల్‌కి చెవుడు వచ్చి మూడేళ్ళు.
అయినా నా పాదమ్మీద గడ్డం ఆనించి పడుకుంటుంది,
గొంతు ఎముకల్లోంచి దిగుతుందేమో,
ఉన్నట్టుండి తోకతో నేల కొడుతుంది
టప్ అని, ఒక్కసారే.
కొట్టని చోట పేరా తీసేస్తాను.
ముల్లంగిది వేరే పద్ధతి.
బాగా కుదిరిన పేజీ మీదే పడుకుంటుంది,
లేపితే కథ పోతుందన్నట్టు.

తాలిన్ నుంచి మెరికె ఫోను:
"ముళ్ళపంది చివరికి ఏం నేర్చుకుంది?
తల్లిదండ్రులు అడుగుతారు."
"చలికాలమంతా నిద్రపోవడం" అన్నాను.
అటువైపు చాలాసేపు నిశ్శబ్దం.
కరెంటు బిల్లు గుర్తొచ్చి
నీతి ఒకటి వెతుకుతానని ఒప్పుకున్నాను.

లైబ్రరీల్లో పిల్లలు అడుగుతారు
కథలు ఎక్కడ దొరుకుతాయని.
రెల్లు పొదల్లో అంటాను,
హంసలు మర్చిపోయిన గూళ్ళలో అంటాను.
ఒకసారి మా అమ్మమ్మ కోటు జేబు అని కూడా చెప్పాను,
ఆ కోటుకి జేబులే లేవు.
వెనక వరసలో ఒక పిల్ల మాత్రం
నమ్మకుండా నన్నే చూస్తూ కూర్చుంది.

ఆమెకి చెప్పాల్సింది ఇది:

నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడు ఐవోకి ఐదు.
ఒళ్ళంతా ఎర్రగా పొక్కి, జ్వరం.
ఆస్పత్రి వార్డులోకి పిల్లల్ని రానివ్వరు.
పాలసీసాల పెట్టె బోర్లించి, ఎక్కి,
కిటికీ బయట నిలబడ్డాను.
రెండు పొరల అద్దం. మాట దాటదు.
అద్దం మీద ఊపిరి వదిలి
వేలితో ఎలుగుబంటి గీశాను.
వాడు లోపలినుంచి కొట్టాడు, ఒక్క టక్కు.
ఊఁ.
ఎలుగుబంటి పడవెక్కింది. ఊఁ.
పడవకి చిల్లు.
రెండు టక్కులు. తర్వాత?

ఊపిరి బొమ్మ ఆరిపోయేలోగా
తర్వాతిది గియ్యాలి.
నా వాక్యాలు పొట్టివని రాస్తారు కదా సమీక్షల్లో,
అదేదో శైలి అనుకుంటారు.

పదకొండు రోజులు. పన్నెండో రోజు
వాడు ఇంటికొచ్చేశాడు,
ఎలుగుబంటి సంగతే ఎత్తలేదు,
బంగాళాదుంపలు అడిగాడు.

ఇప్పుడు రోహుక్యులా రేవులో
ఓడల తాళ్ళు పట్టే ఉద్యోగం.
గురువారం గురువారం వస్తాడు,
బఠాణీ సూపు తాగుతాడు,
సమ్మల్ చెవులు నిమురుతాడు.
నా ఇరవై మూడు పుస్తకాల్లో
ఒక్కటీ తెరవలేదు.
"మొదటిది చూశాగా" అంటాడు,
మూతి తుడుచుకుంటూ.

నిన్న గురువారం.
పొద్దుట్నించీ ఒక్క ముక్కా రాలేదు,
ముళ్ళపంది లేవనంటోంది,
ఊకు ఉప్పు కోసం వచ్చి
దాన్ని లేపొద్దని సలహా కూడా ఇచ్చి వెళ్ళాడు.
ఐవోని సాగనంపడానికి
ఇంటి చెప్పులతోనే మంచులోకి వెళ్ళాను.
కారు అద్దాలన్నీ మసకేసి ఉన్నాయి.
వాడు ఇంజను పెట్టి, చేతి తొడుగు తీసి,
లోపలినుంచి అద్దం మీద కొట్టాడు,
రెండుసార్లు.

కారు మలుపు తిరిగింది.
కాళ్ళు కొంకర్లు పోతున్నాయి.
లోపలికొచ్చేసరికి
కోడి బల్లెక్కి రొట్టె పొడుస్తోంది.
దాన్ని దింపలేదు.
పెన్సిలు ఎక్కడ పెట్టానా అని
వెతుకుతున్నాను.