పచ్చ

వాషర్‌మన్‌పేటలో దారాల కొట్టు.
నలభై రంగు బిళ్ళలు బల్లమీద పరిచి
"ఒక జాతివన్నీ ఒకచోట పెట్టండి" అన్నాను.

ధనకోటమ్మ చింతాకు రంగునీ పసుపుకొమ్ము రంగునీ
ఒకే కుప్పలో వేసింది.
"పచ్చ."

నా కాగితంలో వాటికి రెండు గళ్ళు.
"ఇది వేరు, అది వేరు కదమ్మా?"

మనవరాలు, కార్పొరేషన్ బడి, రెండో తరగతి,
"పచ్చై, మంజళ్" అంటూ
తమిళంలో చకచకా విడదీసేసింది.

ముసలమ్మ ఆ రెంటి మధ్య వేలు ఆనించి
"మామిడికాయ పండేటప్పుడు
ఏ పూట గీత దాటిందో చూశావా?" అంది.

తప్పు అని రాయబోయి ఆగాను.
లోకమంతా పచ్చగా కనబడితే
కామెర్లంటారు మావాళ్ళు.
గీతలే కనబడే జబ్బుకి
ఇంకా పేరు పెట్టినట్టు లేదు.