నీళ్లను బట్టి

"మెట్లెన్ని?" అని అడిగిన ఫోన్ల.
"నీళ్లను బట్టి మేడం" అన్నడు లాంచీ ఆఫీసు పిలగాడు.
"నిండుగుంటే ఏడెనిమిది,
దిగిపోతే నలభై దాంక తేల్తయ్."
పద్దెనిమిదేండ్ల సంది కొల్లాపురం డిపోల కండక్టర్ని,
స్టేజీ స్టేజీకి ధర నోటికొస్తది నాకు.
రోజుకో తీరు మారే లెక్క
ఎన్నడూ ఎరగ.

"వీల్ చైర్ ఉన్నదా?"
"ఉన్నది మేడం. శ్రీశైలం దిక్కున్నది."
"మేం ఎక్కేది సోమశిల కాడ."
"అవును మేడం."
జరసేపు ఇద్దరం ఊకున్నం.

ఎక్కవలసినాయన కుర్మన్న తాత,
మా అమ్మకు చిన్న మేనమామ.
పోయిన వానకాలం నించి ఎడమ కాలు మాట ఇంటలేదు.
నలభయ్యేండ్లు పుట్టి నడిపిండు ఈ రేవుల.
మనిషికి బారానా, మేకకు రూపాయి
(చెప్తే కూసుంటడు మనిషి, మేక కూసోదు అనెటోడు),
నెలలు నిండిన ఆడోళ్లకు ఏమీ లేదు.
బురదుంటే పట్టుచీరెలోళ్లను
వీపు మీద ఒడ్డుకు దించెటోడు.

"దేవుని కోసమా తాతా?" అంటే
"దేవుడు యాడికి వోతడు.
నీళ్ల మీద ఎన్నడన్న ఊకె కూసోని వోయిననా నేను?
ఒక్కపారి టికెట్ కొనుక్కొని
చేతులు ఒళ్లె పెట్టుకొని వోత" అన్నడు.

సర్కారు దవాఖానల నర్సు షాహిదా
తన సంతకం మీద కుర్చీ ఇప్పిచ్చింది.
ఒక చక్రం ఎడమకు గుంజుతది.
ఆదివారం పొద్దుగూకె వరకు వాపసు తేవాలె.
ముందురోజు టేపు పట్టుకొని రేవుకు వోయిన.
లాంచీకి వేసే చెక్క పద్నాలుగు అంగుళాలు,
కుర్చీ ఇరవై నాలుగు.
మళ్ల కొలిచిన.
చెక్క పెరగలే.

ఫారంల "ప్రత్యేక సహాయం" అని ఒక గడి,
నా బొటనవేలంత.
కాలు, చెక్క, గంటకోసారి లేచే అలవాటు,
కుర్చీ పట్టని మరుగుదొడ్డి తలుపు,
అన్నీ అండ్ల ఎట్ల వడ్తయ్?
"ముసలాయన. జర చూడుండ్రి" అని రాసిన.

ఆనాడు నీళ్లు దిగినయ్. ముప్పై ఒక్క మెట్టు.
నలుగురు పిలగాండ్లు కుర్చీ ఎత్తబోయిండ్రు.
"ఆగుండ్రిరా! నలుగురు మోసుడు ఒక్కపారే ఉంటది.
అది ఇయ్యాల కాదు."
జనం గడియారాలు చూసుకున్నరు.
డ్రైవర్ హారన్ కొట్టిండు.
నా చెవులు కాలినయ్,
మెల్లగ ఎక్కే ముసలోళ్ల మీద
నేను గూడ ఎన్నిమార్లు విజిల్ ఊదిన్నో.

తాత మెట్ల దిక్కు చూడనే లేదు.
అవుతల, ఏటవాలు బండ కాడ
వల సదురుకుంటున్న పిలగాన్ని కేకేసిండు.
"ఎవరి కొడుకువురా? పుట్టి ఇటు తే."
నీళ్ల అంచు దాంక కుర్చీ దొర్లించినం.
పుట్టి ఒక దిక్కు వంగింది.
కూసున్నోడు కూసున్నట్టే అండ్లకు జరిగిండు,
"బరువు నడుమల, నడుమల" అని మాకే చెప్పుకుంట.
లాంచీ అటుదిక్కు రెయిలింగు తెరిచిండ్రు.
పుట్టి అంచు, లాంచీ అంచు కలిసినయ్.
నేనొక చెయ్యి ఇచ్చిన.
అది ఆయన పట్టుకున్నడో, నేనే పట్టుకున్ననో.

కుర్చీని మడిచి చెక్క మీంచి తెచ్చిండ్రు.
సులువుగనే వచ్చింది.
మనిషి కూసోకుంటే అన్నిటికీ తొవ్వ ఉంటది.

లాంచీ కదిలింది.
అన్నట్టే చేతులు ఒళ్లె పెట్టుకున్నడు,
ఐదు నిమిషాలు.
ఆ తర్వాత రెండు చేతులు చక్రాల మీదికి వోయినయ్.
"ఇది ఎడమకు గుంజుతది బిడ్డా,
ఎదురు తెడ్డు వెయ్యాలె."

నవ్వుకుంట టిఫిన్ డబ్బా మూత తీసిన.
అప్పుడు యాదికొచ్చింది,
అవుతలి గట్టుకు మెట్లెన్నో
అడగనే లేదు.