కరిగేలోపు

ఆకివీడు రైలుగేటు దాటాక
ఎడంచేతి పక్కన మా ఐసు ఫ్యాక్టరీ.
లెక్కలు నావి. పదకొండేళ్లుగా
అమ్మోనియా వాసనలోనే క్యారేజీ విప్పుతున్నాను.

ఇక్కడ గడియారాన్ని ఎవరూ నమ్మరు.
వలలోంచి గట్టెక్కిన రొయ్యకి
తల నల్లబడడానికి ఎంతసేపు పడుతుందో
అదే మా గంట.
క్యానులోంచి జారిన దిమ్మని
నూకరాజు కొక్కెంతో లాగి, క్రషర్లోకి తోసి,
ట్రేలకెత్తి, టార్పాలిన్ బిగించేలోపు
ఎంత కారిపోయిందో అదే మా నష్టం.
కాళ్లకింద పారే నీళ్లు చూసి
"మన జీతాలమ్మా, ఉప్పుటేట్లోకి పోతున్నాయి"
అంటాడు, నవ్వకుండా.

రెండేళ్ల కిందట భద్రరాజు గారు
వెబ్‌సైటు చేయించారు.
పైన వాళ్ల నాన్నగారి నిలువెత్తు ఫోటో, దండతో సహా.
దాని కింద పరుగెత్తే అక్షరాలు.
వాటన్నిటి మీదా, పేజీ నిండా,
రాలుతూనే ఉండే మంచు.
ఆకివీడులో మంచు!
అందరం గుమిగూడి చూశాం.
తెరవగానే తెల్లగా ఉండేది.
చాలాసేపు
తెల్లగానే ఉండేది.

అప్పట్లో పర్లేదు. కొనేవాడు మనిషి.
తెరుచుకోకపోతే విసుక్కుని ఫోన్ చేసేవాడు,
"ఏవండీ, దిమ్మలున్నాయా?"
"ఆయ్, ఉన్నాయండి."

ఇప్పుడు విశాఖ కంపెనీల్లో
ఐసు వెతికేది ఏఐ.
అర్ధరాత్రి నలభై గుమ్మాలు ఒకేసారి తడుతుంది.
తెరిచినవాళ్ల ధర చదువుకుంటుంది.
తెరవనివాళ్ల మీద దానికి కోపం లేదు,
వాళ్లు పడుకున్నారేమో అన్న జాలీ లేదు.

మొన్న ఆషాఢంలో చెరువులకి తెల్లమచ్చ తగిలింది.
ఒక్క రాత్రే అన్ని గట్ల మీదా పట్టుబడి.
లైట్లేసుకుని లారీలు
మా గేటు ముందు నుంచే
కైకలూరు వైపు పోయాయి ఐసుకి.
లోపల మూడు వందల దిమ్మలు.
గేటు దగ్గర నూకరాజు, చేతిలో కొక్కెం.

పొద్దున్నే కంపెనీకి ఫోన్ చేశాను.
సులోచన గారు మంచావిడ, నొచ్చుకుంది.
"మీరు లేరని అది చెప్పలేదండీ.
ఉన్నారని చెప్పలేదు, అంతే."

ఉండి నుంచి ఏసుపాదం వచ్చాడు, వానలో తడిసి.
మా పేజీ తెరిచి, వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టాడు.
"పదకొండు సెకన్లక్కా."
పదకొండు సెకన్లే కదా అన్నాను.
వెనకాల నుంచి నూకరాజు,
"పదకొండంటే నాకో దిమ్మ, క్రషర్లో" అన్నాడు.
ఇంకెవరూ ఏమీ వివరించక్కర్లేకపోయింది.

ముందు మంచు తీసేశాడు.
తర్వాత పరుగెత్తే అక్షరాలు.
ఫోటో దగ్గర రాజుగారు అడ్డంపడ్డారు.
"నాన్నగారినే తీసేస్తావా?"
"తియ్యనండి. చిన్నది చేస్తాను. బొటనవేలంత."
ఆయన చాలాసేపు తెరకేసి చూసి,
"మనిషీ పొట్టేలే" అన్నారు,
కళ్లజోడు తుడుచుకుంటూ.

మిగిలినవి నాలుగు వరసలు.
ఎన్ని దిమ్మలు, ధరెంత, ఏ గంటకి, ఏ నంబరు.
మా గోడ మీద బొగ్గుతో రాసినట్టుంది.
కన్ను మూసి తెరిచేలోపు
వచ్చేస్తోంది.

పదహారో రోజు, తెల్లవారుజామున రెండుంబావు.
రెండు వందల నలభై దిమ్మలు.
నమస్కారం లేదు, సంతకం లేదు.
లారీ మాత్రం వచ్చింది.
డ్రైవరు టీ అడిగాడు.
క్రషర్ మోతకి గేటు కాడి కుక్క లేచి
అవతలికెళ్లి పడుకుంది.

ఇక గెలిచామని రాజుగారంటారు.
నాకంత ధైర్యం లేదు.
కైకలూరు వాళ్లూ ఈపాటికి
వాళ్ల నాన్నల ఫోటోలు చిన్నవి చేస్తుంటారు.
రేపు మాకన్నా రెప్పపాటు ముందు
ఎవరి తలుపు తెరుచుకుంటుందో!

పాత పేజీని ఏసుపాదం చెరిపెయ్యబోతే
వద్దన్నాను. నా కంప్యూటర్లో దాచుకున్నాను.
మే నెల మధ్యాహ్నాలు, ఆర్డర్లు లేనప్పుడు,
తెరుస్తాను.
ముందు తెల్లగా ఉంటుంది.
ఎవరూ తొందరపెట్టరు.
క్యారేజీ మూత తీసి కూర్చుంటాను.
అప్పుడు, మెల్లగా,
ఆకివీడులో మంచు పడుతుంది.